రోడ్డుకు ఈపీసీయా, హ్యామా, బీఓటీయా? పీపీపీల్లో ఏది ఎప్పుడు నయం

సంక్రాంతికి రెండు రోజుల ముందు పంతంగి టోల్‌గేటు దగ్గర కార్ల బారు టీవీలో చూపించకపోతే మనకు పండగ వచ్చినట్టే ఉండదు. హైదరాబాద్–విజయవాడ దారిలో తిరిగేవాళ్లకు పంతంగి, కొర్లపహాడ్, చిల్లకల్లు చుట్టాల ఊళ్లంత పరిచయం. 2024 జూలై 1న ఈ మూడు గేట్లూ చేతులు మారాయి. అప్పటిదాకా టోలు వసూలు చేసుకున్న జీఎంఆర్ సంస్థ తప్పుకుంది, జాతీయ రహదారుల సంస్థ ఎన్‌హెచ్‌ఏఐ వసూలు బాధ్యత తీసుకుంది. గేటు అదే, ఫాస్టాగ్ అదే కాబట్టి కారులో వెళ్లేవాడికి తేడా తెలియలేదు.

రోడ్డు వేసి, నడిపి, టోలుతో పెట్టుబడి రాబట్టుకుంటానని ఒప్పుకున్న సంస్థ గడువు చాలా ఉండగానే ఎందుకు దిగిపోయింది? రాష్ట్రం విడిపోయాక రెండు వైపులా తిరిగే సరుకు లారీలు అనుకున్నట్టు పెరగలేదన్నది దాని వాదన. విభజన వల్లే ట్రాఫిక్ తగ్గిందనీ, అది ఒప్పందంలో చెప్పిన 'చట్టంలో మార్పు' (అలా మారితే సంస్థకు పరిహారం ఇవ్వాలన్న నిబంధన) కిందికే వస్తుందనీ 2020లో మధ్యవర్తుల ట్రిబ్యునల్ మెజారిటీ తీర్పు కూడా వచ్చింది. ఆలోచించండి. టెండరు వేసేటప్పుడు లెక్కలు కట్టినవాళ్లు తారు ధర చూసుకుంటారు, వడ్డీ చూసుకుంటారు, లారీలు లెక్కపెడతారు. రాష్ట్రం రెండు ముక్కలైతే లారీలు ఏమవుతాయని ఏ గడిలో వేస్తారు?

మీ ఊరి బైపాసో, జిల్లా పోర్టో, మెడికల్ కాలేజో 'పీపీపీ పద్ధతిలో' అని పేపర్లో వచ్చినప్పుడు, అసలు ఏ పద్ధతిలో ఇస్తే నయమో తేల్చుకోవడానికి ఈ వ్యాసం. పీపీపీ అంటే ప్రభుత్వ–ప్రైవేటు భాగస్వామ్యం, కానీ అది ఒక్కటి కాదు. ఆ మూడక్షరాల కింద ఒకదానికొకటి పోలిక లేని అరడజను ఒప్పందాలున్నాయి.

చెల్లించే జేబులు రెండే

ప్రైవేటు సంస్థ పెట్టుబడి పెడుతుంది, అంతే. చివరికి డబ్బు చెల్లించేది ఆ రోడ్డు మీద వెళ్లేవాడు, లేదంటే పన్ను కట్టేవాడు. మూడో జేబు లేదు. పైగా ప్రభుత్వానికి దొరికినంత తక్కువ వడ్డీకి ఏ కంపెనీకీ అప్పు పుట్టదు. అంటే పీపీపీ మొదటి అడుగులోనే కాస్త ఖరీదైన దారి. ఆ ఖరీదుకు బదులుగా ఏదో ఒకటి రావాలి. పని వేగంగా కావాలి, లేదా పాతికేళ్లు తానే మరమ్మతు చేయాలి కాబట్టి మొదటే గట్టిగా కట్టాలి, లేదా ప్రభుత్వం మోయాల్సిన ఒక రిస్కును అవతలివాడు నిజంగా మోయాలి. ఈ మూడింట్లో ఏదీ లేకపోతే అది పీపీపీ పేరుతో తెచ్చిన ఖరీదైన అప్పే. కుండలో కూడు కుండలోనే ఉండాలి, బిడ్డ మాత్రం దుడ్డులా ఉండాలి అనుకునే ఆర్థిక శాఖలకు అది ఈ ఏడాది బడ్జెట్‌లో అప్పుగా కనపడకపోవడమే పెద్ద ఆకర్షణ.

రకాలు గుర్తుండాలంటే మామిడితోట అనుకోండి. కూలి ఇచ్చి మొక్కలు నాటించుకుంటే ఈపీసీ (డిజైను, సరుకు, నిర్మాణం అన్నీ ఒకరికే ఇచ్చే కాంట్రాక్టు). ఖాళీ నేల ఇచ్చి, 'నువ్వే నాటుకో, పాతికేళ్లు కాయ నీది, తర్వాత తోట నాది' అంటే బీఓటీ (కట్టు, నడుపు, అప్పగించు). నాటే ఖర్చులో కొంత ఇప్పుడిచ్చి, మిగతాది వడ్డీతో వాయిదాల్లో ఇస్తూ, కాయ మనమే ఉంచుకుంటే హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ మోడల్). కాపుకొచ్చిన తోటను పూత మీదే ముప్పై ఏళ్లకు గుత్తకిచ్చి సొమ్మంతా ముందే తీసుకుంటే టీఓటీ (టోలు వసూలు చేసుకో, నడుపు, అప్పగించు).

ఈపీసీ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, అది నిజానికి పీపీపీ కూడా కాదు, మామూలు కాంట్రాక్టే. డబ్బు ప్రభుత్వానిది, డిజైనూ పనీ కాంట్రాక్టరువి. దోషం బయటపడితే కొన్నేళ్లపాటు అతనే సరిచేయాలి, తర్వాత సంబంధం లేదు. దీని రోగం మనందరికీ తెలిసిందే: బిల్లులు ఆగితే పని ఆగుతుంది.

హ్యామ్: వాయిదాల్లో కొన్న రోడ్డు

2012 తర్వాత కొన్నాళ్లు హైవే టెండర్లకు బీఓటీలో ముందుకొచ్చేవాళ్లే కరువయ్యారు. కంపెనీలు అప్పుల్లో మునిగాయి, బ్యాంకులు మొండి బాకీలతో చేతులు కాల్చుకున్నాయి. అప్పుడు పుట్టింది హ్యామ్. కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో ఆమోదించింది. పని సాగినకొద్దీ ఖర్చులో 40 శాతం ప్రభుత్వం విడతలుగా ఇస్తుంది. మిగతా 60 శాతం సంస్థ తెచ్చి పెడుతుంది. దాన్ని 15 ఏళ్లపాటు ఆరు నెలలకోసారి వడ్డీతో కలిపి ప్రభుత్వం తీరుస్తుంది. టోలు ఉంటే అది ప్రభుత్వానికే. నిర్వహణ ఖర్చు వేరుగా ఇస్తారు.

1,000 కోట్ల రోడ్డు తీసుకుని లెక్క వేద్దాం. 400 కోట్లు ముందే పోయాయి. 600 కోట్ల అసలు 30 సమాన వాయిదాల్లో, వడ్డీ 8 శాతం అనుకుందాం (అసలు ఒప్పందాల్లో వాయిదాలు చిన్నగా మొదలై పెరుగుతాయి, వడ్డీ కూడా మారుతుంటుంది, ఇది తేలికపాటి లెక్క). మొదటి వాయిదా అసలు 20 కోట్లు, వడ్డీ 24 కోట్లు, మొత్తం 44 కోట్లు. పదిహేనేళ్లకు వడ్డీయే 372 కోట్లవుతుంది. అంటే 1,000 కోట్ల రోడ్డుకు నిర్వహణ కాక 1,372 కోట్లు కడతాం.

ఇందులో తప్పేమీ లేదు, ఇల్లు కొన్నవాడూ అలాగే కడతాడు. ఇబ్బంది ఎక్కడంటే, ఇవాళ సంతకం పెట్టిన ప్రభుత్వం 40 శాతమే చూస్తుంది, రిబ్బన్ కట్ చేస్తుంది. మిగతా ముప్పై వాయిదాలు తర్వాత వచ్చే మూడు నాలుగు ప్రభుత్వాల నెత్తిన పడతాయి. ఎన్‌హెచ్‌ఏఐకి టోలు రాబడి ఉంది, కేంద్రం అండ ఉంది. టోలు లేని పల్లె రోడ్లను ఒక రాష్ట్రం హ్యామ్‌లో వేస్తే ఆ వాయిదాలు నేరుగా బడ్జెట్‌లోంచే రావాలి. జీతాలు, పింఛన్లు, పథకాల తర్వాత మిగిలినదాంట్లోంచి. తెలంగాణ ప్రభుత్వం ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ రోడ్లకు ఈ దారి ఎంచుకుంది కాబట్టి అక్కడి పాఠకులు అడగాల్సింది ఒక్కటే: వాయిదాల సొమ్ము ఏ ఖాతాలోంచి, ఎవరి పూచీ మీద వస్తుంది? ఆ జవాబు గట్టిగా ఉంటేనే బ్యాంకులు అప్పిస్తాయి, లేదంటే కాంట్రాక్టరు ఆ అనుమానానికి కూడా ధర కట్టి టెండరు వేస్తాడు.

అయినా టోలు రాబడి నమ్మకంగా లేని రోడ్డుకు నేను హ్యామ్‌నే మెచ్చుకుంటాను. ట్రాఫిక్ రిస్కు ప్రైవేటు మీద పెట్టలేదు కాబట్టి ఎవరూ కలలు కని టెండరు వేయరు. నిర్వహణ కాలం ఉంది కాబట్టి ఈపీసీ కంటే పనితనం మీద శ్రద్ధ ఉంటుంది. 80 శాతం భూమి చేతికొచ్చాకే పని మొదలవ్వాలన్న షరతు కూడా మంచిదే. మన దగ్గర రోడ్లు ఆగేది తారు లేక కాదు, భూసేకరణ తెమలక.

బీఓటీ: గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చే పందెం

కోర్టులో ఓడినవాడు అక్కడే ఏడిస్తే, గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడ్చాడంటారు. పెద్ద బీఓటీ టెండర్లకు ఈ సామెత భలే అతుకుతుంది. హైదరాబాద్ మెట్రో చూడండి. 2008లో మేటాస్ కూటమి ప్రభుత్వం నుంచి పైసా అడగకపోగా, ఒప్పంద కాలంలో తానే 30,311 కోట్లు ఎదురిస్తానని టెండరు గెలిచింది. ఇందులో ఏదో తేడా ఉందని ఢిల్లీ మెట్రో సారథి శ్రీధరన్ అప్పుడే ప్రణాళికా సంఘానికి లేఖ రాసి హెచ్చరించారు. 2009 జనవరిలో మేటాస్‌ను నడిపిన కుటుంబానిదే అయిన సత్యం కంప్యూటర్స్ కుప్పకూలింది, మేటాస్ అప్పు సమకూర్చుకోలేకపోయింది, జూలైలో ఒప్పందం రద్దయింది. మళ్లీ టెండరు పిలిస్తే ఎల్ అండ్ టీ గెలిచింది, 1,458 కోట్లు ప్రభుత్వమే ఇవ్వాలన్న షరతుతో. 2010 సెప్టెంబరులో సంతకాలయ్యాయి.

అదే ఊరు, అవే మూడు కారిడార్లు. రెండేళ్ల తేడాలో ఒకరు 30 వేల కోట్లు ఇస్తానన్నారు, ఇంకొకరు 1,458 కోట్లు ఇవ్వమన్నారు. కళ్లు చెదిరే టెండరు వస్తే ప్రభుత్వం సంబరపడకూడదు, భయపడాలి.

ఎల్ అండ్ టీ కట్టింది, నడిపింది. 2017 నవంబరులో మొదటి రైలు కదిలింది, 2020 ఫిబ్రవరికి 69 కిలోమీటర్లు పూర్తయ్యాయి. నెల తిరగ్గానే కొవిడ్. తర్వాత ఇళ్లలోంచే ఉద్యోగాలు. 2023 డిసెంబరు నుంచి తెలంగాణలో మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం, దాంతో మెట్రోకు ప్రయాణికులు తగ్గారని సంస్థ పెద్దలే బాహాటంగా చెప్పారు. ఉచిత బస్సు మంచి పథకమా కాదా అన్నది వేరే చర్చ. ఒక చేత్తో ట్రాఫిక్ రిస్కు కంపెనీకి అప్పగించి, ఇంకో చేత్తో ఆ ట్రాఫిక్‌ను మార్చగలిగే శక్తి ప్రభుత్వం దగ్గరే ఉంచుకోవడం మాత్రం ఇక్కడ చూడాల్సిన విషయం. చార్జీ పెంచాలన్నా సంస్థ ఇష్టం కాదు, కమిటీ తేల్చాలి. స్టేషన్ల దగ్గర మాల్స్, ఆఫీసుల అద్దెతో లోటు పూడ్చుకోవచ్చన్న ఆశా అనుకున్నంత పండలేదు.

విజయవాడ హైవేలో విభజన, మెట్రోలో కొవిడ్, ఉచిత బస్సు. పేర్లు వేరైనా దెబ్బ ఒకటే. పని ఆలస్యం కావడం, నాణ్యత తగ్గడం లాంటివి కాంట్రాక్టరు చేతిలో ఉండే సంగతులు కాబట్టి ఆ రిస్కు అతని మీద పెట్టొచ్చు. అతని చేతిలో లేనిది అతని మీద పెడితే ముందు దానికి ధర కడతాడు, తర్వాత కోర్టుకెళతాడు.

అలాగని రిస్కంతా తీసేసి లాభానికి హామీ ఇస్తే ఇంకా ప్రమాదం. ఢిల్లీని నోయిడాతో కలిపే డీఎన్‌డీ వంతెన ఒప్పందం 1997లో అలాగే రాశారు. పెట్టుబడి మీద ఏటా 20 శాతం రాబడి రావాలి, తగ్గినంత మేర ప్రాజెక్టు ఖర్చులోనే కలుపుతారు. దాంతో టోలు కట్టేకొద్దీ బాకీ తరగాల్సింది పోయి పెరుగుతూ పోయింది. 2016లో అలహాబాద్ హైకోర్టు టోలు ఆపించింది, 2024 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పునే ఖాయం చేసింది.

మరి బీఓటీ ఎక్కడ నప్పుతుంది? వాడకందార్లను పెంచుకోవడం నడిపేవాడి చేతిలో ఉన్నచోట. రోడ్డు నడిపేవాడు కార్లను పిలుచుకురాలేడు. పోర్టు నడిపేవాడు మాత్రం క్రేన్లు పెంచి, రైలు లైను వేయించి, బొగ్గు దిగుమతిదారుల చుట్టూ తిరిగి సరుకు తెచ్చుకోగలడు. గంగవరం, కృష్ణపట్నం ప్రైవేటు చేతుల్లో లేచి నిలబడటానికి కారణం అదేనని నా ఉద్దేశం. గంగవరంలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వానికి 10.4 శాతం వాటా కూడా ఉండేది. దాన్ని 2021లో సుమారు 645 కోట్లకు అదానీకి అమ్మేశారు. వాటా ఉంటే బోర్డులో లెక్కలు కనపడతాయి, అమ్మితే ఒకసారి డబ్బు కనపడుతుంది. నేనైతే ఉంచుకునేవాణ్ని.

శంషాబాద్ విమానాశ్రయం ఈ లెక్కన మంచి ఉదాహరణే. 2008 మార్చిలో మొదలైంది, సంస్థ నిలబడింది, రాష్ట్రానికి 13 శాతం, ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి 13 శాతం వాటాలున్నాయి. కానీ ఒప్పందంలో ఒక మూల చిన్న షరతు ఉంది: పాతికేళ్లపాటు 150 కిలోమీటర్ల లోపల ఇంకో కొత్త విమానాశ్రయం రాకూడదు. వరంగల్ ఆ గీతలోపల పడింది. వరంగల్ దగ్గరి మామునూరు విమానాశ్రయానికి కదలిక రావాలంటే 2025లో జీఎంఆర్ అభ్యంతరం లేదని చెప్పాల్సి వచ్చింది. 2004 ప్రాంతంలో ఒప్పందం రాసినప్పుడు వరంగల్ వాళ్లను ఎవరైనా అడిగారా?

టీఓటీ: పూత మీద తోట

కట్టేసిన రోడ్డు కాబట్టి ఇక్కడ నిర్మాణ రిస్కు లేదు, ట్రాఫిక్ ఎంతో ఏళ్ల తరబడి తెలుసు. అందుకే విదేశీ పింఛను నిధులు, పెట్టుబడి సంస్థలు దీన్ని ఇష్టపడతాయి. 2018లో ఎన్‌హెచ్‌ఏఐ మొదటి కట్టగా ఆంధ్రప్రదేశ్, గుజరాత్‌లలోని 9 రహదారులు, దాదాపు 681 కిలోమీటర్లు 30 ఏళ్లకు వేలం వేసింది. 6,258 కోట్లు వస్తాయనుకుంటే ఆస్ట్రేలియా పెట్టుబడి సంస్థ మెక్వారీ 9,681 కోట్లు పాడింది. రెండో కట్టకు వచ్చిన పాట కనీస అంచనా కంటే తక్కువైతే ఇవ్వకుండా వెనక్కి తీసుకున్నారు. నాకు మొదటి పాట కంటే రెండోసారి వద్దనడమే ఎక్కువ నచ్చింది. అవసరం మీదున్నవాడు తోటను అయినకాడికి ఇచ్చేస్తాడు.

158 కిలోమీటర్ల హైదరాబాద్ ఔటర్‌ను 2023లో ఐఆర్‌బీ సంస్థకు 7,380 కోట్లకు 30 ఏళ్లు ఇచ్చారు. కారుచౌక అని కొందరు, మంచి ధరే అని కొందరు. ప్రభుత్వం మారాక విచారణకు సిట్ అన్నారు. ఎవరిది నిజమో నేను తేల్చను, ఈ గొడవ ఎందుకు తెగదో మాత్రం లెక్కతో చూపిస్తాను. భవిష్యత్తు డబ్బును ఏటా 10 శాతం తరుగుతో ఇవాళ్టి విలువకు మార్చుదాం. ఖర్చులు పోను ప్రతి ఏడూ ఒకే మొత్తం మిగిలేట్టయితే, 7,380 కోట్లు గిట్టడానికి ఏటా 783 కోట్లు మిగలాలి. అదే రాబడి ఏటా 8 శాతం పెరుగుతుందనుకుంటే మొదటి ఏడాది 350 కోట్లు మిగిలినా చాలు. ఒక్క అంచనా మారితే సగానికి పైగా తేడా. కాబట్టి 'ముప్పై ఏళ్లలో ఇన్ని వేల కోట్ల టోలు వస్తుంది, ఇంతకే ఇచ్చారు' అని కూడికలు చేసి తిట్టేవాళ్లనీ, 'చేతికి ఇంత డబ్బు వచ్చింది' అని మురిసేవాళ్లనీ ఒకే ప్రశ్న అడగండి: ట్రాఫిక్ ఎంత పెరుగుతుందని వేశారు, తరుగు ఎంత వేశారు, ఆ కాగితం ఎక్కడ? కనీస ధర ఎలా కట్టారో వేలానికి ముందే బయటపెడితే సగం అనుమానాలు పుట్టవు.

రెండో షరతు నా సొంతది. టీఓటీ డబ్బు ఇంకో ఆస్తి కట్టడానికే వాడాలి. తోట గుత్తకిచ్చిన డబ్బుతో ఇంకో తోట వేస్తే వ్యవసాయం, పెళ్లి భోజనాలు పెడితే మిగిలేది విస్తరాకులే. అప్పులు తీర్చడానికైనా సరే, జీతాలకూ పథకాలకూ అయితే వద్దు.

ఆసుపత్రులు, కాలేజీల సంగతి

ఆంధ్రప్రదేశ్‌లో 10 కొత్త మెడికల్ కాలేజీలను పీపీపీకి ఇవ్వాలన్న నిర్ణయం మీద 2025లో మొదలైన రభస చూస్తున్నాం. రోడ్డుకు గుంత పడితే ఫొటో తీయొచ్చు, వైద్యం బాగా జరిగిందో లేదో కొలవడం అంత తేలిక కాదు. కొలవలేనిదాన్ని ఒప్పందంలో రాయలేం. వైద్య, విద్యా ప్రాజెక్టులకు కేంద్రం లోటు భర్తీ నిధిని (గిట్టుబాటు కాని ప్రాజెక్టుకు ప్రభుత్వం ఇచ్చే సాయాన్ని) 2020లో బాగా పెంచింది. ప్రయోగాత్మక ప్రాజెక్టులకైతే పెట్టుబడిలో 40 శాతం కేంద్రం, మరో 40 శాతం రాష్ట్రం ఇవ్వొచ్చు. ఎనభై శాతం ప్రజల సొమ్మే అయినప్పుడు ఎన్ని మంచాలు ఉచితం, ఎన్ని సీట్లు ఏ ఫీజుకు, తప్పితే జరిమానా ఎంత అన్నవి అంకెల్లో రాయకుండా సంతకం పెట్టకూడదు. భవనం, పరికరాలు, శుభ్రత ప్రైవేటుకు, వైద్యం ప్రభుత్వానికి అన్న విభజన నాకు నయంగా తోస్తుంది.

నన్ను ఎంచుకోమంటే

జిల్లా రోడ్డు, టోలు పెట్టే వీల్లేదు, ప్రభుత్వం చేతిలో డబ్బుంది: ఈపీసీ, కాకపోతే మరమ్మతు కాలం పొడుగ్గా పెట్టి. డబ్బు లేదు, కానీ పదిహేనేళ్ల వాయిదాలకు పూచీ ఉంది: హ్యామ్. పూచీ లేదు: రోడ్డు చిన్నది చేయండి, ఒప్పందం పెద్దది చేయకండి. ఏళ్ల తరబడి లారీలు కిక్కిరిసిన దారిని ఆరు వరసలు చేయాలి: బీఓటీ, ట్రాఫిక్ తగ్గితే గడువు పెరిగేలా, మరీ పెరిగితే గడువు తగ్గేలా. పోర్టు, విమానాశ్రయం: ప్రైవేటుకే, ప్రభుత్వ వాటాతో, 150 కిలోమీటర్ల లాంటి గీతలు లేకుండా. నగర మెట్రో: లైను ప్రభుత్వం కట్టి, రైళ్లు నడపడం వరకే బయటికివ్వాలి. ఈ చివరిదాని మీద మెట్రో అభిమానులు నాతో పోట్లాడతారని తెలుసు.

ఏది ఎంచుకున్నా, ఒప్పందం చేతికొస్తే మొదటి పేజీ కాదు, రద్దు నిబంధనల పేజీ తెరవండి. జాతీయ రహదారుల బీఓటీ నమూనా ఒప్పందంలో తప్పు కంపెనీదే అయినా రోడ్డు పూర్తయి నడుస్తుండగా ఒప్పందం మధ్యలో ఆగిపోతే దాని అప్పులో 90 శాతం ప్రభుత్వం కట్టాలి. తప్పు ప్రభుత్వానిదైతే అప్పుతో పాటు కంపెనీ సొంత పెట్టుబడికి ఒకటిన్నర రెట్లు. బ్యాంకులు ధైర్యంగా అప్పిచ్చేది ఈ పేజీ చూసే. ఢిల్లీ ఎయిర్‌పోర్టు మెట్రో నుంచి రిలయన్స్ ఇన్‌ఫ్రా సంస్థ 2013లో తప్పుకుంటే, ఎవరు ఎవరికి బాకీ అన్నది తేలడానికి 2024 ఏప్రిల్ దాకా పట్టింది. మధ్యవర్తులు ఆ సంస్థకు ఇవ్వాలన్న వేల కోట్ల తీర్పును ఒకసారి ఖాయం చేసిన సుప్రీంకోర్టే చివరికి దాన్ని కొట్టేసింది.

హైదరాబాద్ మెట్రో విషయంలో అంత దూరం పోలేదు. 2025 సెప్టెంబరులో ఎల్ అండ్ టీ, తెలంగాణ ప్రభుత్వం ఒక అంగీకారానికొచ్చాయి. దాదాపు 13,000 కోట్ల అప్పు ప్రభుత్వం తన మీద వేసుకుంటుంది, సంస్థ పెట్టుబడికి గాను సుమారు 2,000 కోట్లు ఇస్తుంది. 2008లో అదే మెట్రో మీద ప్రభుత్వానికి రావాల్సినవి 30,311 కోట్లు.